‘పెద్ద బండిదే తప్పు’ అని రోడ్డు మీదే తేల్చేస్తే ఎలా?

సంపాదకులకు,

మన విశాఖలో మద్దిలపాలెంలోనో గాజువాకలోనో రెండు బళ్లు గుద్దుకున్నాయంటే అయిదు నిమిషాల్లో గుంపు చేరుతుంది, పది నిమిషాల్లో తీర్పు వచ్చేస్తుంది. కారూ బైకూ అయితే కారుదే తప్పు, లారీ కారూ అయితే లారీదే తప్పు, వెనక నుంచి తగిలితే వెనకవాడిదే తప్పు. మర్నాడు పత్రికలో ‘అతివేగంగా వచ్చిన కారు ఢీకొని’ అని రెండు వాక్యాలు వస్తాయి. ఆ వేగం ఎంతో, ఎవరు కొలిచారో వార్తలో ఉండదు. అదే మాట ఎఫ్ఐఆర్‌లోకి, అక్కణ్నుంచి చార్జిషీటులోకి, చివరికి పరిహారం కోసం వేసే క్లెయిమ్ కేసులోకి చేరుతుంది. తర్వాతెప్పుడో ట్రిబ్యునల్‌లో కొలతలు అడిగితే ఎవరి దగ్గరా ఉండవు. ప్రమాదానికి గురైన బళ్లను సర్వే చేసే పనిలోనూ, క్లెయిమ్ కేసుల్లోనూ ఉన్నవాళ్లం కనుక తప్పెవరిదో నిజంగా ఎలా తేలుతుందో, ఎక్కడ చెడుతుందో మీ పాఠకులకు వివరంగా చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాం.

ముందుగా ఒక చిక్కు విప్పాలి. ‘తప్పెవరిది’ అన్న ప్రశ్న ఒకే ప్రమాదంలో మూడు చోట్ల మూడు రకాలుగా నడుస్తుంది. పోలీసు కేసు ఒకటి. నిర్లక్ష్యంగా నడిపితే భారతీయ న్యాయ సంహితలో 281వ సెక్షన్, దెబ్బలు తగిలితే 125, ప్రాణం పోతే 106(1). ఇక్కడ నేరం సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. రెండోది మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్. ఇక్కడ అంత గట్టి రుజువు అక్కర్లేదు, రెండు కథనాల్లో ఏది ఎక్కువ నమ్మదగ్గదో చూస్తారు. అందుకే క్రిమినల్ కేసు కొట్టేసినా పరిహారం రావచ్చు. ఎఫ్ఐఆర్‌లో పేరు ఉన్నంత మాత్రాన పరిహారం మొత్తం ఆ డ్రైవరు మీదే పడాలనీ లేదు. మూడోది సొంత కారు రిపేరుకి వేసే ఇన్సూరెన్స్ క్లెయిమ్. ఓన్ డ్యామేజీ పాలసీ ఉంటే, తప్పు మీదైనా అవతలివాడిదైనా కంపెనీ ఇవ్వాల్సిందే. తాగి నడపడం, లైసెన్సు లేకపోవడం లాంటివి ఉంటే తప్ప తప్పెవరిదన్నది అక్కడ అడ్డురాదు. ఈ మూడింటినీ కలగలిపి మాట్లాడటంతోనే సగం తగువులు పుడుతున్నాయి.

ఇక అసలు విషయం. తప్పు తేల్చే సాక్ష్యంలో ఎక్కువ భాగం మొదటి గంటలోనే పోతుంది. ట్రాఫిక్ ఆగిపోయిందని బళ్లు పక్కకి లాగేస్తారు. గాజు పెంకులు ఊడ్చేస్తారు. టైరు గుర్తుల మీదుగా వందల బళ్లు వెళ్లిపోతాయి. వాన పడితే ఇక చెప్పనే అక్కర్లేదు. కాబట్టి గాయపడినవాళ్లను చూసుకోవడం, 108కి, 112కి ఫోన్ చేయడం, హజార్డ్ లైట్లు వేసి ఎర్ర త్రికోణం వెనక పెట్టడం అయ్యాక చేయాల్సిన పని ఫోన్ తీసి ఫొటోలు తీయడం. బళ్లు కదపకముందే తీయాలి.

చాలామంది నుజ్జయిన బంపర్‌ని దగ్గర నుంచి పది ఫొటోలు తీసి ఊరుకుంటారు. ఆ సొట్టని ఆ తర్వాత షెడ్డులోనైనా చూడొచ్చు. తిరిగి దొరకనిది బండి రోడ్డు మీద నిలిచిన తీరు. అందుకే ముందు దూరం నుంచి తీయాలి. ప్రమాద స్థలానికి అటు ఇరవై అడుగులు, ఇటు ఇరవై అడుగులు వెనక్కి నడిచి, రెండు బళ్లూ, లేన్ గీతా, డివైడరూ, కరెంటు స్తంభమో షాపు బోర్డో ఒకే ఫొటోలో వచ్చేలా తీయండి. తర్వాత ఒక్కో బండినీ నాలుగు మూలల నుంచి తీయండి. ముందు చక్రాలు ఎటు తిరిగి ఉన్నాయో కనపడాలి. చివరి క్షణంలో స్టీరింగ్ ఎటు తిప్పారో చాలాసార్లు అదే చెబుతుంది. ఆ తర్వాత రోడ్డు మీది గుర్తులు, పక్కన కొలత తెలిసే వస్తువు ఏదైనా, చెప్పయినా పెన్నయినా సరే, పెట్టి తీయండి. దెబ్బలు లేని చిన్న ప్రమాదమైతే, నాలుగు చక్రాల చోటా సుద్దతోనో ఇటుక ముక్కతోనో గీత గీసి, బళ్లు పక్కకి తీసేయవచ్చు. ట్రాఫిక్ ఆపి గంటసేపు తగువు పడాల్సిన పని లేదు. ఎవరికైనా తీవ్రంగా దెబ్బలు తగిలినా, ప్రాణం పోయినా మాత్రం మనిషిని బయటికి తీయడానికి అవసరమైతే తప్ప పోలీసులు వచ్చేదాకా బండి కదపకూడదు.

రోడ్డు మీద ఏ గుర్తు ఏం చెబుతుందో తెలిస్తే ఏది తీయాలో తెలుస్తుంది. బళ్లు తగులుకున్న అసలు చోటుని గాజు పెంకుల కుప్పతో గుర్తుపట్టాలని చూస్తారు. పెంకులు బండి పోతున్న దిశలో ముందుకి ఎగిరి పడతాయి, కాబట్టి కుప్ప ఉన్నచోటే గుద్దుకున్నాయని అనుకుంటే లెక్క తప్పుతుంది. అంతకంటే నమ్మదగ్గవి రెండు. ఒకటి, మడ్‌గార్డు లోపల గట్టిపడిన మట్టి దెబ్బ అదురుకి పెళ్లలుగా ఊడి దాదాపు అక్కడికక్కడే పడుతుంది. రెండు, వంగిన ఇనుము తారుని చీల్చిన గాడి. ఆ గాడి సెంటర్ గీతకి ఏ పక్కన మొదలైందో చూస్తే, ఎదురెదురుగా గుద్దుకున్న కేసుల్లో ఎవరు అవతలి పక్కకి వచ్చారో చాలావరకు తేలిపోతుంది. అక్కణ్నుంచి రేడియేటర్ నీళ్లు, ఆయిల్ కారిన జాడ బండి చివరికి ఆగిన చోటుకి దారి చూపిస్తుంది.

బ్రేకు గుర్తుల మీద జాగ్రత్తగా ఉండాలి. చక్రాలు పూర్తిగా బిగుసుకుని 20 మీటర్లు జారితే, పొడి తారురోడ్డు మీద ఆ బండి వేగం కనీసం గంటకి 60 కిలోమీటర్లు ఉందని లెక్క వస్తుంది. అదే 20 మీటర్లు తడి రోడ్డు మీదయితే లెక్క 45 దగ్గరే ఆగుతుంది. రోడ్డు తడిగా ఉందా లేదా అన్నది పంచనామాలో రాయకపోతే డ్రైవరు మీద 15 కిలోమీటర్ల వేగం ఊరికే పడిపోతుంది. పైగా 2019 ఏప్రిల్ నుంచి తయారైన కొత్త కార్లన్నింటికీ, బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉంది. ఏబీఎస్ ఉన్న కారు గట్టిగా బ్రేకు వేసినా నల్లటి చార పెద్దగా పడదు. ‘బ్రేకు గుర్తు లేదు, కాబట్టి బ్రేకే వేయలేదు’ అన్న పాత వాదన ఇలాంటి కార్లకి వర్తించదు. అయినా చార్జిషీట్లలో ఆ వాక్యం ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది.

అలాంటప్పుడు బ్రేకు వేశారో లేదో బంపర్ ఎత్తు చెబుతుంది. గట్టిగా బ్రేకు తొక్కితే కారు ముక్కు కిందికి వంగుతుంది. వెనక కారు బ్రేకు వేస్తూ తగిలితే, ముందు కారు మీది సొట్ట మామూలు బంపర్ ఎత్తు కంటే కిందికి పడుతుంది. రెండు బంపర్ల ఎత్తూ టేపుతో కొలిచి రాసుకోవడం రెండు నిమిషాల పని. పక్కపక్కగా రాసుకున్న బళ్ల విషయంలో గీతల దిశ చూడాలి. ఒకే దిశలో వెళ్తున్న రెండు బళ్లలో ఏది వేగంగా వెళ్తోందో, దాని మీది గీత ముందు నుంచి వెనక్కి సాగుతుంది. నెమ్మదిగా వెళ్లే బండి మీద గీత వెనక నుంచి ముందుకి వస్తుంది. పెయింటు పొరలు గీత చివర పోగవుతాయి, అక్కడ వేలు పెట్టి చూస్తే దిశ తెలుస్తుంది. ఆర్టీసీ బస్సుకీ ఆటోకీ మధ్య ‘నువ్వు రాసుకున్నావంటే నువ్వు రాసుకున్నావు’ అనే తగువుల్లో సాక్షుల కంటే ఈ గీతే నయం.

రాత్రి ప్రమాదాల్లో ‘అవతలి బండికి లైట్లు లేవు’ అన్న మాట ప్రతిసారీ వస్తుంది. పగిలిన హెడ్‌లైటు బల్బుని పారేయకండి. హాలోజెన్ బల్బు వెలుగుతుండగా దెబ్బ తగిలితే వేడెక్కిన ఫిలమెంటు సాగి వంకర తిరుగుతుంది, గాజు కూడా పగిలితే నల్లబడుతుంది. ఆరిపోయి ఉన్న బల్బు ఫిలమెంటు మెరుస్తూనే ఉండి, తెగితే చటుక్కున విరిగినట్టు ఉంటుంది. ఎల్ఈడీ లైట్లకి ఈ పరీక్ష పనికిరాదు.

ఇప్పుడు మన ఊళ్లో ఎక్కువగా తగువులయ్యే సందర్భాలకి వద్దాం. మొదటిది వెనక నుంచి తగలడం. హైవే మీద ఎన్ఏడీ నుంచి హనుమంతవాక దాకా, అటు మధురవాడ దాకా ఎక్కువగా చూసేది ఇదే. వెనకవాడు సరిపడా దూరం ఉంచాలన్నది 2017 మోటారు వాహనాల డ్రైవింగ్ రెగ్యులేషన్స్‌లో ఉన్న నియమమే. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్ల ఎడమంటే 33 మీటర్లు. మన హైవే మీద సాయంత్రం పూట అంత ఎడం ఉంచేవాళ్లు కనిపించరు, ఉంచినా మధ్యలోకి ఇద్దరు దూరతారు. అయినా కోర్టు మొదట చూసేది వెనకవాడినే. 2018లో నిషాన్ సింగ్ కేసులో ముందు వెళ్తున్న ట్రక్కుని వెనక నుంచి తగిలిన కారు విషయంలో సుప్రీంకోర్టు సరిపడా దూరం పాటించని కారు డ్రైవరుదే తప్పంది.

కానీ ఆ నియమం అక్కడితో ఆగదు. 2025 జులైలో కోయంబత్తూరు ప్రమాదం మీద ఇచ్చిన తీర్పులో, హైవే మీద ఏ సిగ్నలూ లేకుండా ఒక్కసారిగా కారు ఆపేసిన డ్రైవరు మీద 50 శాతం, వెనక బైకు మీద వస్తూ కారుని తగిలి పడిపోయిన విద్యార్థి మీద 20 శాతం, పడిన అతని మీదుగా వెళ్లిన బస్సు మీద 30 శాతం బాధ్యత పెట్టింది అదే సుప్రీంకోర్టు. ఇంట్లోవాళ్లకి ఒంట్లో బాగోలేదన్న కారణం ఉన్నా సరే, వెనక వచ్చేవాళ్లకి తెలియజేయకుండా హైవే మధ్యలో ఆగడానికి వీల్లేదని దాని సారం. వెనక నుంచి తగిలిన ప్రతి కేసులోనూ నాలుగు సంగతులు అడగాలి. ముందు బండి పక్క లేన్ నుంచి అప్పుడే దూరి బ్రేకు వేసిందా? దాని బ్రేకు లైట్లు పనిచేస్తున్నాయా? ఆపడానికి ముందు సిగ్నల్ ఇచ్చిందా? వెనక్కి జారిందా? బ్రేకు లైటు సంగతి అక్కడికక్కడే తేల్చుకోవచ్చు. ఎవరితోనైనా పెడల్ తొక్కించి వీడియో తీయాలి. రెండు రోజుల తర్వాత షెడ్డులో బల్బు మార్చేశాక ఏమీ తేలదు. వెనక్కి జారడం సింహాచలం ఘాట్ రోడ్డు, కైలాసగిరి రోడ్డు లాంటి ఎత్తుల్లో మామూలే. జారి తగిలిన కేసుల్లో బంపర్లు సమాన ఎత్తులోనే తగులుతాయి, సొట్ట తక్కువ, రోడ్డు మీద బ్రేకు జాడ ఉండదు.

మూడు నాలుగు కార్లు వరసగా తగులుకుంటే మధ్యలో ఉన్నవాడు ఇరుకున పడతాడు. అతను ముందు కారుని తానే గుద్దాడా, లేక ఆగి ఉన్నవాణ్ని వెనకవాడు నెట్టాడా? మొట్టమొదటి కారు డ్రైవరుని ‘ఎన్ని కుదుపులు తగిలాయి’ అని అడగాలి. ఒక్కటే అయితే మధ్య కారుని నెట్టినట్టు, రెండయితే మధ్య కారు ముందే తగిలినట్టు. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు మొదటి రోజే వాంగ్మూలంలో రాయించుకోకపోతే తర్వాత అందరికీ అన్నీ గుర్తుంటాయి, ఏదీ సరిపోలదు.

డివైడర్ మధ్య గ్యాపుల దగ్గర యూ టర్న్ తీసుకునే బండి, తిన్నగా వచ్చేవాటికి దారి ఇవ్వాలి. అందులో సందేహం లేదు. అయితే దెబ్బ ఎక్కడ తగిలిందో కూడా చూడాలి. ముందు ఫెండర్ మీద తగిలితే అప్పుడే దూరినట్టు, వెనక తలుపు మీదో డిక్కీ మీదో తగిలితే దాదాపు తిరిగేసినట్టు. రెండో సందర్భంలో తిన్నగా వచ్చినవాడికి చూసి తగ్గడానికి సమయం ఉండేది, కాబట్టి అతని వాటా పెరుగుతుంది. ఎన్ఏడీ ఫ్లైఓవర్ దగ్గరి రోటరీలో కొందరు ‘నేను తిన్నగా పోతున్నా, నాదే దారి’ అంటారు. రూలు ప్రకారం రోటరీలో అప్పటికే తిరుగుతున్న బండికే ప్రాధాన్యం, లోపలికి వచ్చేవాడు ఆగాలి. సిగ్నల్ లేని కూడలిలో చిన్న రోడ్డు నుంచి వచ్చేవాడు పెద్ద రోడ్డు బళ్లకి దారివ్వాలి, మిగతా చోట్ల కుడివైపు నుంచి వచ్చేవాడికి దారివ్వాలి. ద్వారకానగర్, జగదాంబ ప్రాంతాల్లో ఆపిన కారు తలుపు అద్దంలో చూడకుండా తెరిస్తే తప్పు తెరిచినవాడిదే, దీని మీద పెద్ద చర్చ అక్కర్లేదు. సర్వీసు రోడ్డు మీద రాంగ్ రూట్లో వచ్చే ఆటోలు, బైకుల వాటా సహజంగానే ఎక్కువ. కానీ తిన్నగా వచ్చేవాడికి ముందే కనపడి, తప్పించగలిగీ తప్పించకపోతే అతనికీ కొంత పడుతుంది.

పోర్టు నుంచీ స్టీల్‌ప్లాంట్ వైపు నుంచీ వచ్చే భారీ బళ్లు ఉన్న ఊరు మనది. రాత్రిపూట రోడ్డు పక్కన, కొన్నిసార్లు రోడ్డు మీదే, లైట్లు లేకుండా లారీలు ఆగి ఉంటాయి. ‘ఆగి ఉన్న లారీని గుద్దినవాడిదే తప్పు’ అన్నది చాలా తేలిగ్గా అనేసే మాట. 2018లోనే అర్చిత్ సైనీ కేసులో, రాత్రి రోడ్డు మధ్యలో పార్కింగ్ లైట్లు లేకుండా నిలిపిన గ్యాస్ ట్యాంకర్‌ని తగిలిన కారు డ్రైవరు మీద హైకోర్టు సగం తప్పు పెడితే, సుప్రీంకోర్టు దాన్ని తీసేసి తప్పంతా ట్యాంకర్‌దేనంది. ఈ తీర్పునీ నిషాన్ సింగ్ తీర్పునీ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు తేడా అర్థమవుతుంది. అక్కడ ముందున్న బండి కదులుతోంది, కనపడుతోంది. ఇక్కడ ఆగి ఉంది, కనపడదు. కాబట్టి ఇలాంటి ప్రమాదంలో లారీ వెనక భాగం ఫొటో వెంటనే కావాలి. రిఫ్లెక్టర్ టేపు ఉందా, మట్టి కప్పేసిందా, పార్కింగ్ లైట్లు వెలుగుతున్నాయా, వెనక త్రికోణం పెట్టారా, వీధి దీపం ఉందా అన్నవన్నీ అందులో రావాలి. ప్రమాదం అయ్యాక హడావుడిగా కొమ్మలూ రాళ్లూ తెచ్చి పెట్టడం కూడా జరుగుతుంది. సమయం పడిన ఫొటో ఉంటే అది చెల్లదు.

గుంపు తీర్పుల్లో ఇంకో పొరపాటు ఉంది. ‘లైసెన్సు లేదు, కాబట్టి తప్పు వీడిదే’, ‘ముగ్గురు ఎక్కారు, కాబట్టి తప్పు వీళ్లదే’ అంటారు. లైసెన్సు లేకపోవడం వేరే నేరం. దానంతటదే ప్రమాదానికి కారణమైనట్టు కాదని 2008లో సుధీర్ కుమార్ రాణా కేసులో, బైకు మీద ముగ్గురు ఉండటం ప్రమాదానికి కారణమైందని చూపించనిదే పరిహారం తగ్గించకూడదని 2020లో మహ్మద్ సిద్ధిఖీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న బైకుని వెనక నుంచి వ్యాన్ గుద్దితే, దాని మీద ఇద్దరున్నా ముగ్గురున్నా ప్రమాదం జరిగేదే కదా! చేసిన ఉల్లంఘనకీ జరిగిన దెబ్బకీ మధ్య లంకె చూపించాలి.

సీసీటీవీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు కేసులు నిలబడేదీ పడిపోయేదీ దాని మీదే. షాపుల్లో కెమెరా దృశ్యాలు రికార్డయ్యే పెట్టెల్లో, అంటే డీవీఆర్‌లలో, హార్డ్ డిస్కు నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి రాసేసుకుంటాయి. కొన్నింట్లో వారమే నిలుస్తాయి. ‘పోలీసులే తెస్తారులే’ అనుకుని నెల తర్వాత వెళ్తే ఏమీ ఉండదు. అదే రోజు షాపు యజమానితో మాట్లాడి ఫుటేజీ తీసి ఉంచమనండి. తీసి ఉంచేలా స్టేషన్‌లో రాతపూర్వకంగా అడగండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద నోటీసిచ్చి తెప్పించే అధికారం స్టేషన్ అధికారికి ఉంది. డీవీఆర్ గడియారానికీ అసలు సమయానికీ తేడా ఎంతుందో, స్క్రీన్ పక్కన ఫోన్ పెట్టి ఒక ఫొటో తీసుకోండి. ఇరవై నిమిషాల తేడా ఉన్నవి కూడా ఉంటాయి. ఆ తేడా తెలియకపోతే అవతలి లాయరు మొదట పట్టుకునేది అదే.

వీడియో నుంచి వేగం లెక్కేయడం సాధ్యమే, పొరపాటు పడటం అంతకంటే తేలిక. రోడ్డు మీద రెండు స్థిరమైన గుర్తుల మధ్య దూరం టేపుతో కొలుస్తారు. 12 మీటర్లనుకుందాం. కారు ఆ దూరాన్ని 15 ఫ్రేముల్లో దాటింది. కెమెరా సెకనుకి 25 ఫ్రేములు తీస్తుందనుకుంటే వేగం గంటకి 72 కిలోమీటర్లు. నిజానికి ఆ డీవీఆర్ సెకనుకి 15 ఫ్రేములకే పెట్టి ఉంటే వేగం 43 మాత్రమే. ఒకే వీడియో ఒక మనిషిని నేరస్థుణ్ని చేస్తుంది, నిర్దోషినీ చేస్తుంది. అందుకే డీవీఆర్ సెట్టింగుల పేజీని కూడా ఫొటో తీసి పెట్టుకోవాలి. డ్యాష్‌క్యామ్ ఉన్నవాళ్లు మెమరీ కార్డు వెంటనే తీసేయాలి, లేకపోతే తర్వాతి ప్రయాణం దాన్ని చెరిపేస్తుంది. వాట్సాప్‌లో పంపిన కాపీ కోర్టుకి పనికొచ్చే కాపీ కాదు. ఫైలు నాణ్యత తగ్గిపోతుంది, దాని అసలు వివరాలూ పోతాయి. అసలు ఫైలుతో పాటు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో మొదటి భాగం ఫైలు ఇచ్చేవారిది, రెండోది నిపుణుడిది, ఫైలు మారలేదని చూపే కోడు, అంటే హ్యాష్ విలువ, కూడా రాయాలి.

పోలీసుల పని దగ్గరికి వస్తే, మేం కొత్తగా కోరేదేమీ లేదు, ఉన్న రూలు పాటించమనే. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర మోటారు వాహనాల సవరణ నియమాల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో వివరమైన నివేదిక ట్రిబ్యునల్‌కి ఇవ్వాలి. స్థలాన్ని అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయాలి. సైట్ ప్లాన్ స్కేలు ప్రకారం గీయాలి. మనకి అలవాటైన ‘రఫ్ స్కెచ్’లో రెండు గీతలు, రెండు పెట్టెలు, ఒక ఇంటూ గుర్తు ఉంటాయి. దాంతో ఏమీ తేలదు. కావాల్సింది పెద్ద పనేం కాదు. కదలని గుర్తులు రెండు, అంటే ఒక కరెంటు స్తంభం, ఒక డివైడర్ మొన, ఎంచుకోవాలి. ఆ రెండింటి నుంచీ ప్రతి బండి ఏవైనా రెండు చక్రాలకీ, గాడి గుర్తుకీ, బ్రేకు చార మొదలుకీ చివరికీ దూరాలు కొలిచి రాయాలి. ఇద్దరు కానిస్టేబుళ్లు, 30 మీటర్ల టేపు ఒకటి, పావుగంట సమయం చాలు. ఎన్నేళ్ల తర్వాతయినా ఆ దృశ్యాన్ని కాగితం మీద మళ్లీ నిలబెట్టొచ్చు. 2013లో జిజు కురువిల కేసులో, బళ్లు ఆగిన స్థానం చూపే పంచనామా ఒక్కదాంతోనే ఎవరి నిర్లక్ష్యమో తేల్చలేమని సుప్రీంకోర్టు చెప్పిందంటే, ఆ పంచనామా ఎంత వివరంగా ఉండాలో ఆలోచించండి. రోడ్డు లోపం ఉంటే, గొయ్యి గానీ, లైటు లేని డివైడర్ మొన గానీ ఉంటే, అదీ రాయాలి. కట్టినవాళ్లకీ చూసుకోవాల్సినవాళ్లకీ మోటారు వాహనాల చట్టం 198ఏ సెక్షన్ కింద బాధ్యత ఉంది.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ అయ్యేదాకా బండిని రిపేరుకి ఇవ్వకండి. ‘బ్రేకులు ఫెయిలయ్యాయి’ అని చెప్పిన డ్రైవరు మాట తేలేది ఆ తనిఖీలోనే. ఫెయిలయ్యాయని తేలినా, ఓనరు సర్వీసు రికార్డు చూపించాలి. అరిగిపోయిన లైనింగుతో తిప్పితే అది అనుకోని వైఫల్యం కాదు, నిర్లక్ష్యమే. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే అదీ నివేదికలో రావాలి.

స్టేషన్ రాజీల గురించి ఒక హెచ్చరిక. అక్కడికక్కడ అయిదు వేలో పది వేలో ఇచ్చి, ‘తప్పు నాదే’ అని కాగితం రాసిచ్చి వచ్చేస్తుంటారు. ప్రామాణిక మోటారు పాలసీ షరతుల్లో, కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోకూడదని స్పష్టంగా ఉంది. అవతలివాళ్లు తర్వాత పెద్ద క్లెయిమ్ వేస్తే ఆ కాగితమే మీ మెడకి చుట్టుకుంటుంది. గీత పడిన బంపర్‌కి ఎవరి ఖర్చు వాళ్లు పెట్టుకోవడం వేరు. ప్లాస్టిక్ భాగాలకి సాధారణ పాలసీలో 50 శాతం తరుగు కోస్తారు, నో క్లెయిమ్ బోనస్ పోతుంది, కాబట్టి చిన్న దెబ్బకి క్లెయిమ్ వేయకపోవడమే లాభం కావచ్చు. కానీ ఒంటి మీద దెబ్బ తగిలిన మనిషి ఉంటే రాజీకి పోవద్దు. ఆ సాయంత్రం బాగానే ఉన్న తల దెబ్బ మర్నాడు కేజీహెచ్ ఆసుపత్రికి చేరవచ్చు.

గాయపడినవాళ్లకి తెలియాల్సింది ఒకటి ఉంది. ఆటోలో ప్రయాణిస్తుండగా లారీ గుద్దింది, ఇద్దరు డ్రైవర్లదీ తప్పే అనుకుందాం. ఆటో డ్రైవరు తనకి తగిలిన దెబ్బలకి వేస్తే అతని వాటా కోస్తారు. 10 లక్షల పరిహారంలో 30 శాతం తప్పు అతనిదైతే 7 లక్షలే వస్తాయి. ప్రయాణికుడికి మాత్రం కోత లేదు. మొత్తం 10 లక్షలూ ఏ ఒక్క ఇన్సూరెన్స్ కంపెనీ నుంచయినా రాబట్టుకోవచ్చు, వాళ్లలో వాళ్లు తర్వాత తేల్చుకుంటారు. 2015లో ఖెన్యెయి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. తప్పెవరిదో రుజువు చేయక్కర్లేని దారి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద ప్రాణం పోతే 5 లక్షలు, తీవ్ర గాయమైతే రెండున్నర లక్షలు. అయితే అది తీసుకుంటే, తప్పు రుజువు చేసి 166వ సెక్షన్ కింద వేసే పెద్ద క్లెయిమ్ పోతుంది. సంపాదించే మనిషిని పోగొట్టుకున్న కుటుంబం తొందరపడి దానికి ఒప్పుకోకూడదు. గుద్దిన బండి ఏదో తెలియకపోతే, ప్రాణం పోయినందుకు 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. 166 కింద క్లెయిమ్‌కి ప్రమాదం నాటి నుంచి ఆరు నెలలన్నది 2022 ఏప్రిల్ నుంచి చట్టంలో ఉంది, ఆ లోపే వేయండి.

మీ పత్రికకి మా విన్నపం ఇది. ప్రమాద వార్త రాసేటప్పుడు కొలిచి చెప్పినవాళ్లు లేనిదే ‘అతివేగం’ అని రాయకండి. రోడ్డు తడిగా ఉందా, వీధి దీపం వెలుగుతోందా, లారీకి వెనక లైట్లు ఉన్నాయా, ఎవరు ఏ వైపు నుంచి వస్తున్నారు అన్నవి మీ విలేకరి అక్కడికక్కడే చూసి రాయగలిగినవి. స్థలంలో మీ ఫొటోగ్రాఫర్ తీసిన దూరం ఫొటోలు, అచ్చు వేయనివి కూడా, చెరిపేయకుండా ఉంచితే గాయపడినవాళ్లకి అదే పెద్ద సాయం. నగర పోలీసులకి మా విన్నపం మరీ చిన్నది. ప్రతి గస్తీ బండిలో 30 మీటర్ల టేపు, సుద్దముక్కల పెట్టె ఉంచండి. 48 గంటల నివేదిక కాపీని బాధితులు అడగకముందే వాళ్ల చేతికివ్వండి.

— మోటారు ప్రమాదాల సర్వే, క్లెయిమ్ కేసుల పనిలో ఉన్నవాళ్లం కొందరం,
విశాఖపట్నం